ఎండ ఒక్కటే చాలదు

పెళ్లి ముహూర్తాల కాలం వచ్చిందంటే నెల్లూరు సందుల్లోని స్క్రీన్ ప్రింటింగ్ దుకాణాలకు తీరిక ఉండదు. చట్రానికి బిగించిన సన్నటి మెష్ మీద చిక్కటి ఎమల్షన్ పూస్తారు. అందులో అంతకుముందే నారింజ రంగు మందు ఒకటి కొద్దిగా కలిపి ఉంచుతారు. దాన్ని కొందరు బైక్రోమేట్ అంటారు, కొందరు సెన్సిటైజర్ అంటారు. పూత చీకట్లో ఆరాక, వధూవరుల పేర్లున్న పాజిటివ్‌ను దానికి ఆనించి లైట్ల పెట్టె వెలిగిస్తారు. పెట్టె లేనివాళ్లు ఎండలోకే తీసుకెళ్తారు. ఆ తర్వాత నీళ్లు కొడితే, అక్షరాల నీడ పడినచోట పూత కరిగి కొట్టుకుపోతుంది. వెలుగు తగిలినచోట గట్టిపడి మెష్‌ను వదలదు. అలా మిగిలిన ఖాళీల్లోంచి రంగు దిగి శుభలేఖ అచ్చవుతుంది.

ఆ ఎమల్షన్‌లో ప్రధానంగా ఉండేది పాలీవినైల్ ఆల్కహాల్. నీటిలో కరిగే పాలిమర్ అది. బైక్రోమేట్ కలపకుండా దాన్నొక్కదాన్నే పూసి గంటల తరబడి ఎండలో పెట్టినా నీళ్లు తగలగానే కరిగిపోతుంది. మైపాడు ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవలేని మే నెల ఎండ కూడా దాన్ని ఏమీ చేయలేదు. నారింజ మందు చిటికెడు పడితే మాత్రం నిమిషాల్లో పని అయిపోతుంది.

ఎండకు లేని శక్తి ఆ చిటికెడు మందుకు ఎక్కడిది? నిజానికి శక్తి ఎండదే. దాన్ని అందుకోగలగడమే మందు చేసే పని. ఏ పదార్థమైనా తాను పీల్చుకున్న వెలుగుతోనే మారుతుంది. దానిలోంచి దాటిపోయిన వెలుగు ఎంత తీవ్రమైనదైనా దాన్ని కదిలించలేదు. పాలిమర్ అనే పొడవాటి గొలుసుకు ఒక్కొక్క కొక్కెంగా పనికొచ్చే చిన్న అణువులను మోనోమర్లు అంటారు. ఆక్రిలమైడ్, ఆక్రిలోనైట్రైల్, మిథైల్ మెథాక్రిలేట్ లాంటివన్నమాట. ఇవి చాలామటుకు అతినీలలోహితంలోనూ బాగా పొట్టి తరంగాలనే పీల్చుకుంటాయి. సూర్యుడి నుంచి వచ్చే అలాంటి తరంగాలను ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది. సుమారు 300 నానోమీటర్ల కంటే పొట్టివి మన నేల దాకా రావు. పైగా మామూలు గాజు కూడా వాటిని అడ్డుకుంటుంది. అందుకని మోనోమర్ కలిపిన నీళ్లను గాజు గొట్టంలో పోసి ఎండలో నిలబెడితే, ఆ ఎండ వచ్చిన దారిన పోతుంది. గొలుసు మొదలవ్వాలంటే, నేల దాకా వచ్చే వెలుగును పీల్చుకుని దాంతో ఒక రాడికల్‌ను పుట్టించగల మూడో పదార్థం ఆ నీటిలో ఉండాలి. జత లేని ఎలక్ట్రాన్‌తో, దేనినైనా పట్టుకోవాలని ఆత్రపడే ముక్కే రాడికల్. అది ఒక మోనోమర్‌ను పట్టుకుంటుంది, ఆ మోనోమర్ ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. అలా సెకను తిరిగేలోపు వేల కొక్కేలు కలిసిపోగలవు.

ఈ సంగతిలో మనకు బాగా దగ్గరి పేరొకటి ఉంది. ఎం. శాంతప్ప. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి, తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చేదాకా నెల్లూరు కాలేజీలు తిరుపతి కిందే ఉండేవి కాబట్టి, ఇక్కడి పాత తరానికి ఆయన పేరు పదవితో ముడిపడి తెలిసి ఉండొచ్చు. ఆయన చేసిన రసాయనశాస్త్రం మాత్రం అంతగా తెలియదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొన్నేళ్లకు ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, ఎం.జి. ఇవాన్స్, ఎన్. యూరీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులతో కలిసి ఆయన పనిచేశారు. నీటిలో కరిగిన వినైల్ మోనోమర్లను వెలుగుతో పాలిమర్లుగా మార్చడం మీద ఈ ముగ్గురి పేరుతో 1951లో వచ్చిన పత్రాన్ని ఆ రంగంలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

వాళ్లు ఎంచుకున్న మూడో పదార్థం ఇనుము. ఫెర్రిక్ రూపంలో ఉన్న ఇనుము, అంటే తుప్పులో ఉండే రకం. ఆమ్లం కలిపిన నీటిలో ఫెర్రిక్ అయాన్ ఒంటరిగా తిరగదు, పక్కన ఏ రుణావేశపు అయాన్ దొరికితే దాన్ని జత చేసుకుంటుంది. హైడ్రాక్సైడ్‌తో ఒక జత, ఉప్పులోని క్లోరైడ్‌తో ఒక జత, అజైడ్‌తో ఇంకో జత. పాదరసపు దీపం వెలుగు ఈ జత మీద పడితే జతగాడి దగ్గరున్న ఎలక్ట్రాన్ ఒకటి ఇనుము మీదికి దూకుతుంది. ఫెర్రిక్ కాస్తా ఫెర్రస్ అవుతుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న జతగాడు రాడికల్‌గా మారి మోనోమర్ మీద పడతాడు. హైడ్రాక్సైడ్ అయితే హైడ్రాక్సిల్ రాడికల్, క్లోరైడ్ అయితే క్లోరిన్ పరమాణువు. ఆక్రిలోనైట్రైల్ నీటిలో కొంతవరకు కరుగుతుంది, దాని పాలిమర్ కరగదు. అందుకే తేటగా ఉన్న ద్రావణం తెల్లగా మసకబారిందంటే గొలుసులు తయారవుతున్నాయని కంటికే తెలిసిపోతుంది.

వాళ్లకు ప్లాస్టిక్ చేయాలన్న ఆత్రం పెద్దగా లేదు. అప్పట్లో రసాయనశాస్త్రంలో తేలని ప్రశ్న ఒకటి ఉండేది. ఇలాంటి జతల మీద వెలుగు పడితే నిజంగానే స్వేచ్ఛగా తిరిగే రాడికల్ పుడుతుందా, లేక అది ఊహేనా? హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన క్షణంలోనే దేనితోనో కలిసి మాయమవుతుంది. అలాంటి క్షణికమైన వాటిని మెరుపు దీపంతో పట్టి చూసే పద్ధతిని నోరిష్, పోర్టర్ అప్పుడప్పుడే, 1949లో, మొదలుపెడుతున్నారు. అదే ఏడాది ఇవాన్స్, యూరీ మోనోమర్‌నే సాక్షిగా పెట్టారు. రాడికల్ పుట్టి ఉంటే అది మోనోమర్‌ను పట్టుకుంటుంది, గొలుసు మొదట్లో అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఒక్క రాడికల్ వందల వేల కొక్కేల గొలుసుగా పెరుగుతుంది కాబట్టి, కంటికి ఆనని సంఘటన తూకానికి వచ్చే పొడిగా చేతికి దొరుకుతుంది. ఇంత చవకైన, ఇంత తెలివైన ఉపాయాలు ప్రయోగశాస్త్రంలో అరుదుగా కనిపిస్తాయి.

శాంతప్ప మద్రాసు తిరిగొచ్చాక ఈ పనిని విస్తరించారు. ఇనుము బదులు సీరియం, కోబాల్ట్, యురేనైల్ అయాన్లతో, కొన్నిటిని వెలుగుతో, కొన్నిటిని వెలుగు లేకుండానే, ఆయన బృందం పరీక్షించింది. 1967లో ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి వచ్చింది.

ఇంతవరకు ఇనుము మంచిదే. ఎంత వేస్తే అంత మంచిదా అంటే, కాదు. గొలుసు మొదలుపెట్టిన ఫెర్రిక్ అయానే, పెరుగుతున్న గొలుసు కొన తన దగ్గరికి వస్తే అక్కడున్న జత లేని ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటుంది. క్లోరైడ్ జతగా ఉంటే ఆ కొనకు ఒక క్లోరిన్ అంటించి మరీ మూసేస్తుంది. ఇనుము పెంచేకొద్దీ కొత్త గొలుసులు ఎక్కువ మొదలవుతాయి కానీ ప్రతి గొలుసూ పొట్టిగా ఆగిపోతుంది. ఒక హద్దు దాటాక ద్రావణం పైపొరే వెలుగంతా పీల్చేసుకుని అడుగుకు చీకటి మిగులుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రతి రాడికల్‌తో పాటు ఒక ఫెర్రస్ అయాన్ పుడుతుంది. పోగుపడ్డ ఫెర్రస్, కొత్తగా పుట్టిన హైడ్రాక్సిల్ రాడికల్ మోనోమర్‌ను చేరకముందే దానికి ఎలక్ట్రాన్ తిరిగి ఇచ్చి చల్లార్చేస్తుంది. కావాలని ముందే కాస్త ఫెర్రస్ కలిపి చూస్తే ప్రారంభంలోనే వేగం పడిపోతుంది.

దీపం పెంచితే సరిపోతుందిగా అని అడగొచ్చు. ఇక్కడ లెక్క కొంచెం వంకరగా ఉంటుంది. మామూలుగా రెండు గొలుసు కొనలు ఎదురుపడి ఒకదాన్నొకటి ముగించుకుంటాయి. వెలుగు ఎక్కువైతే కొనలూ ఎక్కువవుతాయి, ఎదురుపడటాలూ ఎక్కువవుతాయి. అందుకని వెలుగు 4 రెట్లు చేస్తే వేగం 2 రెట్లే అవుతుంది. ముగించే పని ఇనుమే చేస్తున్నప్పుడు మాత్రం వెలుగు ఎన్ని రెట్లయితే వేగమూ అన్ని రెట్లవుతుంది. దీపాన్ని మార్చి మార్చి వేగం కొలిస్తే, లోపల గొలుసులను ఎవరు ముగిస్తున్నారో బయటి నుంచే చెప్పేయొచ్చు. శాంతప్ప తరం రసాయనశాస్త్రజ్ఞులు ఎక్కువభాగం ఇలాంటి లెక్కలతోనే అణువుల లోపలి కథ విప్పారు.

ఇక ఆక్సిజన్. కోడూరు నుంచి కృష్ణపట్నం దాకా రొయ్యల గుంటలున్న వాళ్లకు డి.ఓ. అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ అది. తెల్లవారుజామున అది లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి జారితే రైతుకు గుండెదడ. ఏరియేటర్లు రాత్రంతా తిరిగేది ఆ భయంతోనే. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు గాలి నుంచి లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు పట్టుకోగలవు. సముద్రపు నీళ్లలో ఉప్పు ఉండటం వల్ల ఇంకో మిల్లీగ్రాము పైన తగ్గుతుంది.

రొయ్యకు ప్రాణమైన ఈ కొద్దిపాటి ఆక్సిజనే పాలిమర్ గొలుసుకు గండం. ఆక్సిజన్ అణువు రాడికల్ కనిపిస్తే చాలు అంటుకుంటుంది, అదీ అణువులు ఢీకొనగలిగినంత వేగంగా. అంటుకున్నాక తయారయ్యే పెరాక్సీ రాడికల్ మందకొడిది, తర్వాతి మోనోమర్‌ను పట్టుకోలేక చతికిలబడుతుంది. మామూలు ద్రావణంలో ఏ క్షణాన చూసినా పెరుగుతున్న గొలుసు కొనల కంటే ఆక్సిజన్ అణువులు వేల రెట్లు ఎక్కువ ఉంటాయి. పోరు సమానం కానే కాదు. అందుకే దీపం వెలిగించాక మొదట కాసేపు ఏమీ జరిగినట్టుండదు. అప్పుడు పుట్టిన రాడికల్స్ అన్నీ ఆక్సిజన్‌ను ఖర్చు పెట్టడానికే సరిపోతాయి. అది అయిపోయాక ఒక్కసారిగా మసక కమ్ముకుంటుంది. ప్రయోగశాలల్లో ముందే నైట్రోజన్ బుడగలు పంపి ఆక్సిజన్‌ను తరిమేస్తారు.

ఇదంతా చూసి ఆక్సిజన్‌ను శత్రువుల జాబితాలో వేసేయాలనిపిస్తుంది. 1954లో అమెరికాలో జెరాల్డ్ ఆస్టర్ ప్రచురించిన పని ఆ తొందరకు అడ్డం పడింది. ఆయన అతినీలలోహితాన్ని పక్కనపెట్టి మామూలు కంటికి కనిపించే వెలుగుతో పాలిమర్లు చేశాడు. వెలుగును పీల్చడానికి ఒక రంగు, దానికి ఎలక్ట్రాన్ ఇవ్వడానికి సి విటమిన్ లాంటి తేలికపాటి పదార్థం. వెలుగులో రంగు ఎలక్ట్రాన్లు తీసుకుని రంగు కోల్పోతుంది. అలా వెలిసిపోయిన రూపాన్ని కాస్తంత ఆక్సిజన్ తిరిగి తాకినప్పుడే గొలుసు మొదలుపెట్టే రాడికల్స్ బయటికొస్తాయి. అంటే ఇక్కడ ఆక్సిజన్ బొత్తిగా లేకపోతే గొలుసు మొదలే కాదు. ఎక్కువైతే మొదలైన గొలుసు నిలవదు.

ఈ పద్ధతి జీవరసాయన ప్రయోగశాలల్లో నిత్యకృత్యమైంది. ప్రోటీన్లను విడదీసి చూడటానికి వాడే ఆక్రిలమైడ్ జెల్‌లో రిబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు కలిపి ట్యూబులైటు దగ్గర పెట్టేవారు. వెలుగు తగులుతుండగా పసుపు ఛాయ తగ్గి జెల్ గడ్డకట్టేది. గాజు సీసాలో పాలను ఎండలో ఉంచితే బి2 విటమిన్ పాడవుతుందని పెద్దలు చెప్పేదానికీ దీనికీ మూలం ఒకటే. వెలుగు పడితే రిబోఫ్లేవిన్ ఊరికే ఉండదు.

అదే రిబోఫ్లేవిన్ ఇప్పుడు కంటి ఆసుపత్రుల్లోకి వచ్చింది. కెరటోకోనస్ అనే జబ్బులో కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర, కార్నియా, మెత్తబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. జర్మనీ వైద్యులు 2003లో వెల్లడించిన చికిత్సలో కార్నియా మీద 0.1 శాతం రిబోఫ్లేవిన్ చుక్కలు వేస్తూ, 370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని 30 నిమిషాలు తగిలిస్తారు. కార్నియాలోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు పడి పొర బిగుస్తుంది. నీరు నిండిన పదార్థంలో, వెలుగుతో, ఒక కలిపిన మందు సాయంతో జరిగే పని ఇది. స్క్రీన్ ప్రింటింగ్ పూత గట్టిపడటానికీ దీనికీ దూరపు చుట్టరికం ఉంది. అయితే ఇక్కడ ఆక్సిజన్ తప్పనిసరి. దీపం వెలిగిన కొన్ని సెకన్లలోనే కార్నియాలోని ఆక్సిజన్ చాలావరకు ఖర్చయిపోతుంది, గాలి నుంచి మళ్లీ లోపలికి ఇంకేదాకా పని నెమ్మదిస్తుంది. అందుకే కంటికి అదనంగా ఆక్సిజన్ అందిస్తూ చేసే పద్ధతులు కూడా వచ్చాయి.

ఇసకపల్లి ఉప్పు కయ్యలున్న తీరంలో ఉప్పు మాట ఎత్తకుండా పోకూడదు. ఉప్పు తనంతట తాను వెలుగును పట్టదు, రాడికల్ పుట్టించదు. కానీ నీటిలో ఇంకెవరున్నారన్న దాన్ని బట్టి దాని ప్రభావం మారిపోతుంది. ఫెర్రిక్ ఇనుము ఉన్న చోట ఉప్పు వేస్తే హైడ్రాక్సైడ్ స్థానంలో క్లోరైడ్ వచ్చి చేరుతుంది. అప్పుడు పుట్టేది క్లోరిన్ పరమాణువు. జత మారగానే అది పీల్చుకునే వెలుగూ మారుతుంది, గొలుసు మొదట్లో మిగిలే గుర్తూ మారుతుంది. ఉప్పు బదులు ఫ్లోరైడ్ వేస్తే అసలుకే మోసం. ఉదయగిరి మెట్ట ఊళ్ల బోరు నీళ్లతో పళ్లను గారపట్టించే ఆ ఫ్లోరైడే ఇది. ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, తన ఎలక్ట్రాన్‌ను మాత్రం అంత తేలిగ్గా వదలదు. ఆ దీపానికి ఇనుము ఉన్నా లేనట్టే.

ఆక్రిలిక్ ఆమ్లం లాంటి మోనోమర్ల దగ్గర ఉప్పు చేసేది పూర్తిగా వేరే పని. నీటిలో క్షారం కలిస్తే ఈ మోనోమర్ రుణావేశం తెచ్చుకుంటుంది. దాంతో పెరిగే గొలుసుకూ అదే ఆవేశం. గొలుసు కొన మోనోమర్‌ను పిలుస్తుంది, ఆవేశం తోసేస్తుంది. వేగం బాగా పడిపోతుంది. అక్కడ మామూలు ఉప్పు కలిపితే, తగాదా పడ్డ అన్నదమ్ముల మధ్య కూర్చున్న పెద్దమనిషిలాగా సోడియం అయాన్లు మధ్యలో చేరి వికర్షణను తగ్గిస్తాయి. ఆగిన పని మళ్లీ కదులుతుంది. తీరా జెల్ తయారయ్యాక అదే ఉప్పు ఇంకో రకంగా అడ్డొస్తుంది. చంటిపిల్లల డైపర్లలో వాడే ఈ జాతి జెల్ శుద్ధమైన నీళ్లయితే తన బరువుకు వందల రెట్లు పీల్చుకుంటుంది, ఉప్పునీళ్లయితే పదుల రెట్లతో సరిపెట్టుకుంటుంది.

ఇంతకూ స్క్రీన్ ప్రింటింగ్ దుకాణంలోని నారింజ మందు సంగతి. బైక్రోమేట్ వెలుగును పీల్చుకుని పాలీవినైల్ ఆల్కహాల్ నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. ఆరో స్థాయి క్రోమియం మూడో స్థాయికి దిగుతుంది. అలా దిగిన క్రోమియం పక్కపక్కనున్న గొలుసులను తనకు కట్టేసుకుని ముడి వేస్తుంది. ముడిపడ్డ వల నీటిలో కరగదు. ఫోటోగ్రఫీ తొలినాళ్లలోనే, 1852లో, ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ జెలటిన్ మీద ఇదే గమనించాడు. జెలటిన్ అంటే ఉడికిన కొల్లాజెన్, తోలులో ఉండేదే. తోళ్లను క్రోమియంతో పదును పెట్టడంలో జరిగేది కూడా ఇంచుమించు ఇదే. మూడో స్థాయి క్రోమియం కొల్లాజెన్ పోగులను ముడివేస్తుంది, అక్కడ వెలుగు అవసరం లేదు. నాయుడమ్మ తర్వాత మద్రాసు కేంద్ర తోలు పరిశోధన సంస్థకు శాంతప్ప డైరెక్టర్ అయ్యారంటే, వెలుగు రసాయనం చేసినవాడికి తోళ్లతో ఏం పని అనుకోనక్కర్లేదు. ఆ సంస్థలో సీరియం అయాన్లతో కొల్లాజెన్ పోగు మీదే రాడికల్స్ పుట్టించి, అక్కడి నుంచి పాలిమర్ గొలుసులను అంటుకట్టే పని సాగింది. మాంచెస్టర్‌లో ఇనుముతో మొదలైన ఆలోచనకు అది కొనసాగింపే.

బైక్రోమేట్‌కు ఒక చెడ్డగుణం ఉంది. చీకట్లో కూడా ఊరుకోదు. పూసి ఆరబెట్టిన స్క్రీన్‌ను తేమ, వేడి ఉన్నచోట ఉంచితే వెలుగు తగలకుండానే మెల్లగా గట్టిపడుతుంది. తీరప్రాంతపు ఉక్కపోతలో రాత్రి పూసింది మర్నాటికి పనికిరాకుండా పోవడం ఆ పని చేసేవాళ్లకు కొత్తేమీ కాదు. ఇంతకంటే పెద్ద ముప్పు ఆరో స్థాయి క్రోమియం క్యాన్సర్ కారకం కావడం. చేతి తొడుగులు లేకుండా కలపడం, కడిగిన పసుపు నీళ్లను కాలవలోకి వదలడం ఇప్పటికైనా మానాల్సిన అలవాట్లు. డయాజో రకం సెన్సిటైజర్లు మార్కెట్లో ఉన్నాయి. వాటికి చీకటి గట్టిదనం చాలా తక్కువ, క్రోమియం బెడదా లేదు. ధర కొంచెం ఎక్కువన్న మాట నిజమే కానీ, ఆ కొంచెం కోసం రోజూ ముట్టుకునే మందుతో చెలగాటం ఆడటంలో లాభం నాకు కనిపించదు.

ఇనుము, క్లోరైడ్, వెలుగు కలిసిన ఆ జత ప్రయోగశాల గాజు గొట్టాలకే పరిమితం కాదని ఈ మధ్య తెలిసింది. సహారా ఎడారి నుంచి ఎగిరిన ఇనుప ధూళి అట్లాంటిక్ మీద సముద్రపు తుంపరల ఉప్పుతో కలిసి, ఎండలో క్లోరిన్ పరమాణువులను వదులుతోందని 2023లో ఒక అంతర్జాతీయ బృందం ప్రకటించింది. ఇవాన్స్, శాంతప్ప, యూరీ దీపం కింద చూసిన ఎలక్ట్రాన్ గెంతే ఇక్కడా జరుగుతోంది. మోనోమర్ లేదు కాబట్టి గొలుసు పుట్టదు. ఆ క్లోరిన్ గాలిలోని మీథేన్ మీద పడి దాన్ని విరగ్గొడుతుంది. భూమిని వేడెక్కించే వాయువుల్లో మీథేన్ ఒకటి కాబట్టి, సముద్రం మీద కావాలని ఇనుప లవణాలు చల్లితే ఎలా ఉంటుందన్న ఆలోచనలు వెంటనే మొదలయ్యాయి. అదే ఏడాది వెలువడిన కంప్యూటర్ నమూనా లెక్కలు వాటికి కళ్లెం వేశాయి. క్లోరిన్ కొద్దిగా పెరిగితే ముందు ఓజోన్ తగ్గుతుంది. దాంతోపాటు మీథేన్‌ను ఇప్పటికే శుభ్రం చేస్తున్న హైడ్రాక్సిల్ రాడికల్స్ కూడా తగ్గుతాయి. ఒక పెద్ద హద్దు దాటేదాకా మీథేన్ తగ్గకపోగా పెరుగుతుందని ఆ లెక్కలు చూపించాయి.